పొరపాటున తగిలిన దెబ్బ

హాలండ్ దేశంలో ఓట్లడిగి గెలిచిన ఒక చీనా ముఖం మనిషిని నేను ఎరుగుదును. పేపర్లో చూసి కాదు. అతని నుదుటి రక్తం నా చొక్కాతో తుడిచి ఎరుగుదును. ఈ మాట చెబితే మా ఊళ్లో నవ్వుతారు. నవ్వనీ. బడి మొహం చూడనివాడి జ్ఞాపకమంటే అందరికీ లోకువే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. బహ్రెయిన్‌లో నువైద్రాత్ దగ్గర మా క్యాంపు. సముద్రంలో ఇసక పోసి నేల చేసే పని. నేను స్టోరులో సామాను ఇచ్చేవాణ్ణి. అట్టపెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను కాబట్టి క్యాంపులో ఎవరికి కాగితం రాయాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. హెల్మెట్లు ఇచ్చేదీ నేనే. ఇంజనీర్లకు తెల్లవి, కూలీలకు పసుపువి. ఆ ఎండలో ముఖాలెవడు చూస్తాడు? నెత్తి మీది రంగు చూసి 'సార్' అనాలో 'అరే' అనాలో తేల్చుకునేవారు.

నేను చెప్పిన హాలండ్ సారు అక్కడ సర్వే ఇంజనీరు. ముప్పై ఏళ్లుంటాయేమో. పుట్టింది హాలండ్‌లోనే. తండ్రి హాంకాంగ్ నుంచి ఓడలో వంటవాడిగా వెళ్లి అక్కడ ఒక రేవు పట్నంలో హోటల్ పెట్టాడట. శనివారం వస్తే తాగినవాళ్లు హోటల్ అద్దాలు రాళ్లతో పగలగొట్టేవారట. పోలీసులొచ్చి, "వేరేవాళ్లనుకుని పొరపాటున వేశారు" అని రాసుకుని పోయేవారట. తండ్రి తలూపి గాజుపెంకులు ఊడ్చేవాడు.

"నేను చేట పట్టుకునేవాణ్ణి" అన్నాడు ఒకసారి, స్టోరు గడప మీద కూర్చుని నా చాయ్ తాగుతూ.

ఒక జూలై మధ్యాహ్నం మా రూము మనిషి పైపుల దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడు. జగిత్యాల దిక్కువాడు, నలభై దాటినవాడు. నన్ను కాకా అనేవాడు. కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. చేరి వారం కాలేదు. అరబ్బువాడనుకుంటారేమో, కాదు, మన తెలుగువాడే. అది రాయకపోతే ఈ రాతకు అర్థమే లేదు.

"లే. అత్తగారింటికొచ్చినవా పండుకోనీకి?"

"కండ్లు తిరుగుతున్నయన్నా. జర నీళ్లు."

"ముందట సముద్రమున్నది గద. తాగు."

చేతిలో ఇనప పైపు ముక్క ఉంది. మొదటి దెబ్బ చెవి మీద పడింది. తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడు. రెండోది భుజం మీద. ముప్పైమందిమి నిలబడి చూశాం. నేనూ చూశాను.

సారు పరుగెత్తి వచ్చాడు. తన తెల్ల హెల్మెట్ తీసి, పడ్డవాడి ముఖానికి ఎండ తగలకుండా అడ్డం పెట్టి, మధ్యలో నిలబడ్డాడు. హెల్మెట్ తియ్యడమే అతను చేసిన నేరం. పక్క సైటులో చీనా కూలీలు పనిచేసేవారు. ఫోర్‌మన్ అతన్ని వాళ్లలో ఒకడనుకున్నాడు.

"నువ్వెవనివిరా చీనీ? యల్లా, నడువ్."

అంటూనే కొట్టాడు. నుదురు చిట్లింది. కిందపడ్డాక బూటుతో డొక్కలో తన్నాడు, మళ్లీ తన్నాడు. "ఆయన ఇంజనీరు సారు" అని నేను అరిచాక గాని ఆ కాలు ఆగలేదు. అప్పుడు చూడాలి వాడి మర్యాద. వంగి సారు బట్టల దుమ్ము దులిపాడు. "సారీ సార్, తెల్వలే సార్." రెండడుగుల అవతల మావాడి చెవిలోంచి రక్తం ఇసకలోకి కారుతోంది. అటు ఒక్క సారీ పోలేదు.

సాయంత్రం మేనేజరు నన్ను ఆఫీసుకు పిలిచి తను చెప్పింది రాయమన్నాడు. ఇంజనీరును పొరపాటున కొట్టడం జరిగింది, ఫోర్‌మన్ క్షమాపణ చెప్పాడు. అంతే. మావాడి ఊసు లేదు. డ్యూటీలో పడుకున్నాడని వాణ్ణి ఖలాస్ చేసి, అంటే పనిలోంచి తీసేసి, మర్నాడే విమానమెక్కిస్తారట. కాగితం మీద దెబ్బ లేకపోతే వాడికి ఆస్పత్రీ లేదు. అది తెలిసే రాశాను.

సారు తలకట్టుతో కూర్చుని చదివాడు. చదివి మేనేజరు వంక కాదు, నా వంక చూశాడు.

"పొరపాటున అని రాశావు. మరి పొరపాటు లేకుండా కొట్టాల్సింది ఎవరిని?"

కాగితం నా ముందుకు తోశాడు.

"ఇద్దరి పేర్లూ రాయి. ముందు అతనిది. అప్పుడు సంతకం పెడతాను."

మేనేజరు హిందీలో మెల్లగా అన్నాడు, "రాస్తే నువ్వూ సామాను సర్దుకోవాలి భాయ్."

రాశాను. ధైర్యం వచ్చి కాదు, ఒళ్లు మండి. ముందు మావాడి పేరు, తర్వాత సారుది. 'పొరపాటున' అన్న మాటను కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశాను. ఒక నకలు నా దగ్గర ఉంచుకున్నాను.

మర్నాడు ఫోర్‌మన్ స్టోరులోకొచ్చి తలుపేసి నా ముందుపళ్లు రెండు రాలగొట్టాడు. "ఇది గూడ రాస్కో" అన్నాడు. వాణ్ణి వేరే సైటుకు మార్చారు, అదే ఉద్యోగం, అదే జీతం. నన్ను పంపలేదు. కాగితాలు రాసేవాడు ఇంకొకడు దొరకలేదు మరి. మావాడికి ఆస్పత్రి దొరికింది, ఎడమ చెవి మాత్రం దక్కలేదు. కట్లు విప్పాక ఇంటికి పంపేశారు.

సారు ఆ ఏడే తన దేశం వెళ్లిపోయాడు. అప్పుడప్పుడు ఉత్తరం రాసేవాడు. తండ్రి హోటలున్న పేట నుంచే ఊరి కౌన్సిల్‌కు గెలిచాడు. పోలీసులు రాసుకునే కాగితం దెబ్బలు తిన్నవాడికి చదివి వినిపించాలని మొదటి మీటింగులోనే అడిగాడట. నవ్వారట. కొన్నేళ్లకు దేశపు పెద్ద సభకు, పార్లమెంటుకు, నిలబడ్డాడు. ప్రచారంలో ఉండగా ఎవడో సీసా తీసి అతని తల మీద పగలగొట్టాడని రాశాడు. అదే నుదురు.

నేను ఒక్క ముక్క రాశాను. "సార్, ఇదీ పొరపాటేనా?"

జవాబొచ్చింది. "కాదు. ఈసారి పేరు పెట్టి పిలిచి కొట్టారు. గెలిచాను."

నేనింకా బహ్రెయిన్‌లోనే ఉన్నాను. సనాబిస్ బజారులో ఫోను కార్డు కొని జగిత్యాలలో ఉన్న మావాడికి చేశాను.

"ఏందీ? ఉండు, కుడి చెవికి వెట్టుకుంట. ఆఁ, చెప్పు కాకా."

ఉత్తరం చదివి వినిపించాను.

"పేరు వెట్టి పిలిచిన్రా? అయితే సారు లీడరైండు" అని నవ్వాడు. "మనల్ని కొట్టెటోడు పేరెప్పుడడిగిండు."

నవ్వు ఆపి అడిగాడు.

"కాకా, ఆ కాగితం ఉన్నదా నీతాన?"

"ఉంది."

"నా పేరు ముందుగాల ఉన్నది గద?"

"ముందే ఉంది."

"ఒక్కపారి సదువు. గట్టిగ."

చదివాను.