ఓబళప్ప ఫ్యూజు వైద్యం

నెట్ పోయిందన్న మాట చెవిన పడితే చాలు, ఓబళప్ప ఆ ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేస్తాడు. ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. హూడిలో ఆయన మేడమీద అద్దెకున్న నర్సు ప్రమీల ఆరు నెలలుగా ఆ వైద్యానికి బలవుతోంది.

"ఫ్రిజ్జు ఆపమ్మా. అది సిగ్నల్‌ని తాగేస్తా ఉండాది."

"ఫ్రిజ్జు సిగ్నల్ తాగడమేంటి అంకుల్?"

"మరి పొద్దస్తమానం గుర్రుమని ఏం చేస్తా ఉండాదనుకుంటివి?"

ఇక వాదించేదేముంది! ఫ్రిజ్జు, మిక్సీ, ఫ్యాను అయ్యాక గోడగడియారంలో బ్యాటరీ కూడా పీకేవాడు. నెట్ వచ్చే వైఫై పెట్టె కాక ఆపనిది ఒక్కటే, తన చేతిలోని కార్డ్‌లెస్ ఫోను. వైరు లేని ఫోను ఆ వీధిలో మొదట కొన్నది తానేనని మహా గర్వం. స్నానానికి తప్ప దాన్ని వదలడు. అందులోంచే నెట్ కంపెనీవాళ్ళకు అరగంట చీవాట్లు పెట్టేవాడు. అంతసేపూ నెట్ వచ్చేది కాదు. ఆయన కిందికెళ్ళి, ఫోను స్టాండులో పెట్టి, భోజనానికి కూర్చోగానే వచ్చేసేది.

"చూసినావా నా చేతి మహిమ!" అని కింది నుంచి కేక.

ప్రమీల పళ్ళు నూరుకునేది. ఇంత పనికిమాలిన పెద్దమనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

అలాంటిది, ముంబైలో ఒక పెద్దాసుపత్రివాళ్ళు శనివారం మధ్యాహ్నం కంప్యూటర్‌లోనే ఇంటర్వ్యూ చేస్తామన్నారు. భర్త డానియల్ ఉద్యోగం అక్కడే. పెళ్ళైన రెండేళ్ళుగా చెరో ఊళ్ళో ఉంటున్నారు. మధ్యలో నెట్ తెగిందా, మళ్ళీ పిలవరు.

"అంకుల్, మీకు దండం పెడతా. రేపు మాత్రం పైకి రాకండి."

ఓబళప్ప ముఖం చిన్నబోయింది. "రాను లేమ్మా" అన్నాడు.

ఇంటర్వ్యూ ముప్పావుగంట సాగింది. నెట్ ఒక్కసారైనా తెగలేదు. చివర్లో వాళ్ళు "ఎప్పుడు చేరతారు?" అనేశారు. ప్రమీల ఎగిరి గంతేసి కిందికి పరిగెత్తింది.

మెట్ల కింద, మీటర్ల దగ్గర, స్టూలు మీద ఓబళప్ప కాపలా కూర్చున్నాడు. బనియను చెమటకు తడిసి ముద్దయింది. ఒళ్ళో సొంత ఇంటి ఫ్యూజులు. లోపల్నుంచి భార్య కమలమ్మ తిడుతోంది. "మ్యాచీ చూడక, నన్ను పిండి రుబ్బనీక, ఏం కర్మప్పా ఇది!"

"ఇదేంటి అంకుల్?"

"పైకి రావద్దంటివి కదమ్మా. అందుకే మా ఇంట్లోనే అన్నీ ఆపేస్తి. మా టీవీ, మా గ్రైండరు నీ సిగ్నల్ తాగకూడదని. కరెంటు లేక ఈ ఫోను గూడా సచ్చి పడుండాది చూడు."

ప్రమీల ఫోను వైపు చూసింది. ఆరు నెలలుగా నెట్ పోయిన ప్రతిసారీ అది ఆయన చెవి దగ్గరే ఉంది. ఓరి దేవుడా! ఈ ఫోనూ, తన వైఫై నెట్టూ రెండూ గాల్లో నడిచేవే. ఇది వాగినప్పుడల్లా అది నోరు మూసుకుంటోందన్నమాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆ తడి బనియను చూసి మింగేసింది.

"ఉద్యోగం వచ్చింది అంకుల్. అంతా మీ ఫ్యూజుల పుణ్యం."

"నేను ఎప్పుడో చెప్పలేదా!" అని ఆయన లేచి నిలబడ్డాడు.

వెళ్ళిపోయేముందు ప్రమీల ఆయనకు వైరున్న ఫోను ఒకటి కొనిచ్చింది. పాతకాలపుదని దాన్ని బీరువాలో పెట్టేశాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరింట్లో నెట్ పోయినా, ఓబళప్ప పరిగెత్తుకెళ్ళి తన ఇంటి ఫ్యూజే పీకుతాడు. చిత్రంగా నెట్ వచ్చేస్తుంది. కమలమ్మ మాత్రం రుబ్బురోలు కొనుక్కుంది.