అవతలి గట్టున అంబులెన్స్

మా టీచరు గారు పోయారు. మొన్న సోమవారం, పట్టపగలు, తన ఇంటి అరుగు మీద, కాలువకి అవతలి గట్టున ఆగిన అంబులెన్స్‌ని చూస్తూ చూస్తూ పోయారు. ఆవిడ ఆత్మకు శాంతి కలగాలని ఫోన్లలో దండాల బొమ్మలు పెడుతున్నవాళ్లందరికీ ఓ నమస్కారం. నాకు మాత్రం శాంతీ లేదు, గీంతీ లేదు. ఒళ్లు మండిపోతోంది.

ఆవిడ నాకు మూడో తరగతిలో పాఠాలు చెప్పారు. పెద్దయ్యాక పక్కింటివాణ్ణయ్యాను. రిటైరైనా ఎర్ర పెన్ను వదల్లేదు. చర్చిలో పంచే పాటల కాగితంలో తప్పులు దిద్దేవారు. నా పెళ్లి శుభలేఖ ఇస్తే, పెళ్లికూతురి పేరు కూడా చూడకుండా రెండు ఒత్తులు సరిచేసి చేతిలో పెట్టారు. "కొట్టేయడం ఎవరైనా కొట్టేస్తార్రా. పక్కన ఒప్పు రాస్తేనే దిద్దినట్టు" అనేవారు.

అలాంటి మనిషి ఇంటిని ఫోన్లో మ్యాప్ మీద ఎవడో మహానుభావుడు అవతలి గట్టున, కొబ్బరికాయల షెడ్డు దగ్గర పెట్టాడు. మధ్యలో ఉన్నది కాలువే. గట్టిగా కేకేస్తే వినపడుతుంది. కానీ ఇటు రావాలంటే కాలువ నీళ్లు ఆపే లాకుల దాకా వెళ్లి, అక్కడి వంతెన దాటి, మళ్లీ వెనక్కి రావాలి. కొరియరు వాళ్లు, గ్యాసు వాళ్లు, శుభలేఖలు పట్టుకొచ్చే పాత విద్యార్థులు అందరూ ఆ షెడ్డు ముందు నిలబడి ఫోన్లు తిప్పుకునేవారు. టీచరు గారు అరుగు మీంచి చప్పట్లు కొట్టేవారు.

"ఏవండీ! అది కాదండీ, ఇదీ! లాకుల మీంచి రండి!"

ముప్పయ్యేళ్లు పిల్లల్ని అదిలించిన గొంతు. నీళ్లు దాటి అవతల కొబ్బరికాయలు ఒలిచేవాళ్లకి కూడా వినపడేది. తీరా ఆ మనిషి వచ్చాక ముందు గ్లాసుడు మజ్జిగ, తర్వాత చీవాట్లు. "దార్లో ఎవర్నైనా అడిగితే నోరరిగిపోతుందా నాయనా?"

రెండేళ్ల కిందట ఆయాసం పట్టుకుంది. గొంతు లేవడం లేదు. ఆవిడేం గోల చెయ్యలేదు. ఓ చెక్కకి తెల్ల రంగు వేయించి, తన చేత్తో గుండ్రంగా రాసి, అవతల షెడ్డు పక్క స్తంభానికి కొట్టించారు. 'టీచరు ఇల్లు ఇది కాదు. కాలువకి ఎదురుగా పచ్చ తలుపుల ఇల్లు. లాకుల మీదుగా రావలెను.' కింద ఓ బాణం గుర్తు. ఆ తర్వాత ఒక్కరూ దారి తప్పలేదు.

ఇక నా ఘనకార్యం వినండి. మ్యాప్‌లో తప్పు నేనే సరిచేయిస్తానని బయల్దేరాను. ఇంటి ఫొటో తీశాను, గుమ్మంలో ఆవిణ్ణి నిలబెట్టి ఇంకోటి తీశాను, మ్యాప్ వాళ్లకి పంపాను. క్షణంలో జవాబు: 'మీ సహకారానికి ధన్యవాదాలు.' పొంగిపోయాను. ఆ సాయంత్రమే వెళ్లి బోర్డు పీకేశాను.

"ఈ రోజుల్లో చెక్క బోర్డేంటి టీచర్, చూసినవాళ్లు నవ్వుతారు."

"మారిందో లేదో చూశావేంట్రా?"

"మారిపోతుంది టీచర్."

లెక్క చెయ్యకుండా పలక పక్కన పెట్టేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "సరే, నీ ఇష్టం" అన్నారు.

వారం తర్వాత మ్యాప్ వాళ్ల దగ్గర్నించి ఇంకో జవాబు: 'మీ సవరణని నిర్ధారించలేకపోయాం.' మళ్లీ పంపాను, మళ్లీ ధన్యవాదాలు. నాలుగుసార్లు అదే తంతు. పంచాయతీ ఆఫీసైతే వెళ్లి బల్ల గుద్ది అడగొచ్చు. వీళ్లకి బల్లేదీ? మనిషేడీ? ఇంటి పక్కనే ఉంటున్నవాడు చెబితే నమ్మరు గానీ, షెడ్డుని ఇల్లంటే నమ్ముతారు! సరే, వాళ్లని తిట్టాను. మరి నాకేమైంది? బోర్డు మా పశువుల పాకలో పడి ఉంది. తీసుకెళ్లి మళ్లీ కొట్టడానికి సిగ్గేసింది. అంతే, ఇంకే కారణమూ లేదు.

సోమవారం నేను కొవ్వూరులో పనిలో ఉన్నాను. ఊపిరాడటం లేదంటే టీచరు గారి చెల్లెలు అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. వచ్చింది. అవతలి గట్టున ఆగింది. చెల్లెలు గారు తువ్వాలు ఊపుతూ గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తారట. డ్రైవరు ఫోన్ చేసి, "మ్యాప్ ఇక్కడే చూపిస్తోందమ్మా" అన్నాడట. పాపం, అతని తప్పేముంది? లాకులు తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఉంటే బతికేవారా అని నన్నడక్కండి. టీచరు గారు కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారట. చప్పట్లు కొట్టబోయారట, చేతులు కలవలేదట. ఇది చెబుతూ చెల్లెలు గారు ఏడవలేదు. నా మొహంలోకి చూశారు. ఆ చూపు నాకు దక్కాల్సిందే.

మర్నాడు సమాధి కార్యక్రమానికి వచ్చిన పాత విద్యార్థుల్లో సగం మంది ఆ షెడ్డు దగ్గరే దిగారు. పాకలోంచి బోర్డు తీసి, పేడ తుడిచి, సుత్తి పట్టుకుని వెళ్లాను. మేకులు కొడుతుంటే, దండ పట్టుకున్న ఓ నెరిసిన జుట్టాయన వచ్చి, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు.

"ఇది టీచరు గారి చేతిరాతండీ" అన్నాడు.

అవునన్నాను. ఇద్దరం బాణం చూపించిన వైపు చూశాం. పచ్చ తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అరుగు మీద కుర్చీ ఉంది. అవతల్నించి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.