ఇంద్రావతి దాకా పోయొచ్చే విమానం

బ్యాటరీ విమానం అంటే నాకిప్పటికీ పడదు. ఏదో కంపెనీ వాళ్లు దాన్ని చూపించడానికి బస్తర్‌లో మా భోపాల్‌పట్నం పక్క మైదానానికి తెచ్చారు. ఎగిరి రాలేదది, లారీ ఎక్కి వచ్చింది. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. కానీ "గంటసేపు గాల్లో ఉంటుంది, ఎవరైనా ఎక్కొచ్చు" అని మైకులో అరిచేసరికి నా బుర్ర మబ్బులు దాటిపోయింది.

ఆ రోజే మా అక్కకి దంతెవాడలో కంటి ఆపరేషన్. శుక్లాలు ముదిరి ముదిరి, ఎదురుగా ఏనుగు నిలబడ్డా "ఎవర్రా?" అని అడిగే స్థితి. నెలకోసారి వచ్చే డాక్టరు మధ్యాహ్నం దాకే ఉంటాడు. బస్సు మెట్టు మీద కాలు పెట్టిన అక్కని నేనే కిందికి దింపాను.

"ఆగే అక్కా, గాల్లో తీస్కపోత! టీ తాగినంత సేపట్ల దంతెవాడ."

డాక్టరు కోసం ఆమె చంకలో పెట్టుకున్న నాటుకోడి కూడా నన్ను అనుమానంగా చూసింది.

మైదానంలో విమానం డీజిల్ జనరేటర్‌కి తగులుకుని చార్జింగ్ తాగుతోంది. ఆ పొగకి చెట్లు దగ్గాయి.

"అంత దూరం కుదరదు సార్," అన్నాడు పైలట్.

"గంట అన్నరు గద!"

"గంటే. అందులో అరగంట ఆపదకని దాచాలి, ముట్టుకోకూడదు, రూలు. పైకెక్కడానికి కొంత పోతుంది. అక్కడ చార్జర్ లేదు, తిరిగి రావడానికీ ఉంచుకోవాలి. పైగా మీలాంటి బరువైనవాళ్లు..."

"నన్నొదిలేయ్. మిగిలేదెంత?"

"ఈ పక్కనున్న ఇంద్రావతి దాకా పోయి రావచ్చు. కావాలంటే అమ్మగారికి పైనుంచి నది చూపిస్తా."

అక్క నా వైపు, అంటే నా పక్కనున్న మైకు స్తంభం వైపు, తిరిగింది. "ఏందిరా, నది చూసే కండ్లుంటే దంతెవాడకు నేనెందుకు పోత?"

ఛీ! విస్తరేసి, నీళ్లు చల్లి, వంటింటి తలుపు మూసేసినట్టుంది.

బస్సు ఎప్పుడో పోయింది గనక సర్వీసు జీపు దగ్గరికి పరుగెత్తాం. వెనక నలుగురు వేలాడితే గాని కదలనన్నాడు డ్రైవర్. వాళ్లు దొరికేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దంతెవాడలో మేం దిగితే, ఆసుపత్రి వరండా కడుగుతున్నారు. డాక్టరు వెళ్లిపోయాడు.

అక్క కోడిని నా చేతిలో పెట్టింది.

"వచ్చే నెల దాంక నువ్వు మా ఇంట్లనే ఉంటవ్. బియ్యంల రాళ్లు ఏరుతవ్, నా పొలం గట్టు మీద నా చెయ్యి పట్టుకోని నడుస్తవ్."

నెలంతా ఏరాను. బస్తర్‌లోని రాళ్లన్నీ ఆ బియ్యంలోనే ఉన్నాయి.