మా అత్త పడుకుని కొన్న ప్రొజెక్టర్

పోయిన వారం పొద్దున్నే గిద్దలూరు నుంచి మా మామ ఫోన్ చేశాడు. "మీ అత్త లేదు పాపా. కాఫీ కలుపుతా కూర్చునింది, అట్లనే పోయింది" అన్నాడు. నేనూ ఫోన్ పెట్టేయలేదు, ఆయనా పెట్టేయలేదు.

ఆమె మా నాయనకు చెల్లెలు. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని రవికలు, గౌన్లు కుట్టేది. తెలియనిది ఏది కనిపించినా దాని సంగతి తేల్చుకోకుండా వదిలే మనిషి కాదు. బస్సులో పక్కనామె సంచిలో కొత్తరకం విత్తనాలు కనిపిస్తే, ఎప్పుడు చల్లాలి, ఎన్ని తడులు పెట్టాలి అని దిగేదాకా అడుగుతూనే ఉండేది. ఆమెకు సెంటు పొలం లేదు. "మనకెందుకత్తా?" అంటే, "ఎందుకో తెలిసినాక అడిగేదేముంది? తెల్వకనే గదా అడిగేది" అనేది.

కొన్నేళ్ల కిందట మామ మిద్దె మెట్ల మీద జారి పడ్డాడు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. వెన్నుకు ఆపరేషన్ అయింది. కాళ్లలో జీవం ఉంది, రోజూ కదిలిస్తే నడుస్తాడని డాక్టరు చెప్పాడు. అప్పటిదాకా వెల్లకిలా పడుకోవాలి, తల ఎత్తకూడదు. మామ కాళ్లు కదిలించలేదు. మాట్లాడటం కూడా మానేశాడు. పొద్దస్తమానం పైకప్పు చూస్తూ ఉండేవాడు.

ఆయనకు ఏదైనా చూపించాలని అత్త అనుకుంది. నేను మార్కాపురంలో టీచర్‌ని. అక్కడైతే అంగళ్లు పెద్దవని బస్సెక్కి వచ్చింది. ఇద్దరం ఒక టీవీల దుకాణానికి వెళ్లాం. ఓనరు మా అత్త వయసువాడే. వరసగా అన్ని టీవీలూ వేసి చూపించాడు.

అత్త ఉన్నట్టుండి చెప్పులు విప్పి, దుకాణం మధ్యలో నేల మీద వెల్లకిలా పడుకుంది.

"అక్కా, ఏమైనాది?" అంటూ ఆయన పరుగున వచ్చాడు.

"ఏం కాలేదు భాయ్. మా ఇంటాయన ఇట్లనే పండుకోనుంటాడు. ఈన్నించి నీ టీవీ ఒక్కటీ కనపడల్యా. నిలబడి కొనుక్కపోతే పండుకున్న మనిషికి ఏం లాభం?"

కొనడానికి వచ్చినవాళ్లు నవ్వారు. నేను సిగ్గుతో అటు తిరిగాను. ఓనరు మాత్రం నవ్వలేదు. ఆమె పక్కనే గొంతుకూర్చుని తనూ పైకి చూశాడు. "పైకి బిగిద్దామా?" అన్నాడు. మాది దూలాల మీద నాపబండల కప్పు, బరువు ఆగదని అత్త చెప్పింది. అప్పుడాయన లోపలి నుంచి రెండు ప్రొజెక్టర్లు తెచ్చి, ఒకదాన్ని నేల మీద పైకి తిప్పి పెట్టాడు. వెలుతురుకు బొమ్మ వెలవెలబోయింది. షట్టర్ సగం దించాడు. అత్త ఇంకా లేవలేదు.

"పగలు కూడా కనపడాలంటే?"

"గది చీకటి చేసుకోవాలక్కా. పగటి పూటకు టీవీనే మేలు. ఉన్నమాట చెప్తాండా."

"పరదాలు నేను కుట్టుకుంటా. పైకి తిప్పి పెడితే వేడెక్కి చెడిపోదా?"

ఆయన పెట్టెల్లోని కాగితాలు తీసి చదివి, దీన్ని అట్లా పెట్టొచ్చు, ఆ రెండోదాన్ని పెట్టకూడదు అని చెప్పాడు. అత్త వాళ్లింటి కప్పు ఎత్తెంత, ఫ్యాను ఎక్కడుంది అని ఇప్పుడు ఆయన అడగడం మొదలుపెట్టాడు. చివరికి దగ్గరి నుంచే పెద్ద బొమ్మ పడే రకం తీసుకున్నాం.

ఇంట్లో అత్త పైకప్పు ఫ్యాను ఊడదీయించి, టేబుల్ ఫ్యాను పెట్టింది. దూలాల మీద బొమ్మ విరుగుతోందని మామ పంచెలు రెండు కలిపి కుట్టి దూలాల కింద తెరలా బిగించింది. ముదురు నీలం పరదాలు వేసింది. ఒక సినిమా పెట్టాం. మామ కాసేపు చూసి కళ్లు మూసుకున్నాడు. ఇంకొకటి పెట్టాం. అంతే.

"వస్తువు సరిపోయింది పాపా. ఈయనకేం కావాల్నో అది మనకు తెల్వల్యా" అంది అత్త.

నాలుగైదు రోజులు గడిచాయి. తర్వాత ఒక పొద్దున మామ ఒకప్పుడు నడిపిన కొమరోలు బస్సెక్కి, డ్రైవరు పక్క సీటులో కూర్చుని, నా పాత ఫోనుతో రోడ్డంతా వీడియో తీసుకొచ్చింది. ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం పరదాలు లాగి, పంచె మీద ఆ రోడ్డు వేసింది.

మామ కళ్లు తెరిచాడు. చాలాసేపు చూసి, "ఏందే, రోడ్డుకు నడిమధ్య గీత?" అన్నాడు.

"అది కుట్టు."

"ఈ రోడ్డుకు గీత ఎప్పుడేసినారా అనుకుంటి." వారాల తర్వాత ఆయన మాట్లాడిన మొదటి మాటలవి. మలుపులో ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. "బ్రేక్ వెయ్ నాయనా, బ్రేక్!" అని అరిచాడు. అత్త నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "పాపా, కాలు సూడు."

దుప్పటి కింద ఆయన కుడిపాదం పరుపును అదుముతోంది.

అప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్యా బేరం. కాళ్లు కదిలిస్తే కొత్త రోడ్డు. హనుమంతునిపాడు, త్రిపురాంతకం, నల్లమల ఘాటు, అన్నీ తిరిగి వీడియోలు తెచ్చింది. డ్రైవర్లందరూ ఆమెకు అన్నలో తమ్ముళ్లో అయ్యారు. ఏడాది దాటాక మామ చేతికర్రతో వాకిట్లోకి నడిచి వచ్చాడు. ఇక ప్రొజెక్టర్ గోడకు తిప్పుదామని నేనంటే ఇద్దరూ ఒప్పుకోలేదు.

అత్త అనగానే నాకు గుర్తొచ్చేది ఆ తర్వాతి ఒక ఎండాకాలం మధ్యాహ్నం. చీకటి చేసిన గదిలో ఇద్దరూ చాప మీద పక్కపక్కనే వెల్లకిలా పడుకుని ఉన్నారు. నేను గడప దగ్గర నిలబడ్డాను. పైన ఎర్రమట్టి పొలాల మధ్య రోడ్డు సాగుతోంది. అత్త వెలుగులోకి చెయ్యెత్తింది. ఆమె వేలి నీడ పంచె మీద మనిషంత పెద్దదై, రోడ్డు పక్కన చీలిపోతున్న చిన్న బాట మీద నిలిచింది.

"ఇది యాడికి పోతాది?"

"ఆ దోవన బస్సు పోదు. నాకూ తెల్వదు" అన్నాడు మామ.

అత్త వీడియో ఆపేసింది. బాట అక్కడే నిలిచిపోయింది. ఆమె వేలి నీడ దాని వెంబడి మెల్లగా జరుగుతూ, పొలాలు దాటి, పంచె అంచు దాకా పోయింది.