సన్నాయి చిట్టియ్య ముందుపన్ను

పెనుగొండలో మా వీధి చివరి పెంకుటిల్లు చిట్టియ్యది. సన్నాయి వాయిస్తాడు. వయసు యాభై నాలుగు. తొమ్మిదో ఏట తండ్రి చేతికిచ్చిన సన్నాయిని జ్వరం వచ్చిన రోజుల్లో తప్ప కింద పెట్టి ఎరగడు. సత్రాల్లో పెళ్ళి చేసుకోవడానికి వచ్చే పై ఊళ్ళవాళ్ళు కూడా ముందు చిట్టియ్యకు ఖాళీ ఉందేమో కనుక్కుని, ఆ తర్వాతే సత్రం మాట్లాడుకునేవారు. మనిషి నోట మాట తక్కువ. ఏం చెప్పినా "ఆయ్" అంటాడు, అంతే. మాటలన్నీ ఆ గొట్టంలోంచే.

అతని పైవరస ముందుపళ్ళలో ఒకటి నల్లగా ఉండేది. పదిహేనేళ్ళ కిందట మేళానికి సైకిలు మీద వెళుతూ మార్టేరు రోడ్డులో పడి, హేండిలుకు మూతి కొట్టుకున్నాడు. పన్ను ఊడలేదు. మెల్లగా నల్లబడి ఊరుకుంది. నిరుడు పుష్యమాసంలో దాని పైన చిగురు మీద పొక్కు లేచి, చీము కారడం మొదలైంది.

అతని భార్య బేబి మా ఇంటికి పరుగున వచ్చింది. "అచ్చాయమ్మగారూ, ఈయన లవంగనూనె రాసుకుని కూర్చుంటున్నారండి. నేను చెబితే వినరు. మీరు కేకలేస్తేనే కదులుతారు."

కేకలేశాను. కదిలాడు. బజారులో పళ్ళ డాక్టరమ్మ సారిక గారి దగ్గరకు నేనే తీసుకెళ్ళాను. ఆవిడ ఎక్స్‌రే తీసి చూపించింది. లోపల నరం ఎప్పుడో చచ్చిపోయిందట. వేరు మధ్య సన్నటి కాలువలాంటిది ఉంటుందనీ, అందులో క్రిములు చేరాయనీ చెప్పింది.

"కాలువంతా కడిగి మూసేస్తే పన్ను నిలబడొచ్చండి. లేదంటే తీసెయ్యాలి."

ఆ మాట వినగానే చిట్టియ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "తీస్తే పెదవికి ఆనిక ఉండదండి. ఆనిక లేకపోతే పీక నిలవదు. గాలంతా పక్కనుంచి పోద్దండి. పన్ను పోతే నేను పోయినట్టేనండి."

పీక అంటే సన్నాయి మూతికి తగిలించి ఊదే రెల్లు ముక్క. చిట్టియ్య నోటి నుంచి అంత పొడుగు మాట రావడం నేను వినడం అదే మొదలు.

డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి, వెంట్రుకంత సూదులు లోపలికి పోనిచ్చి గీకింది. తర్వాత సిరంజితో ఏదో మందు నీళ్ళు పోసింది. గదంతా ఒకటే వాసన. నేను ఊరుకుంటానా?

"ఏమ్మా, ఇది మన మంచినీళ్ళ ట్యాంకులో వేసే బ్లీచింగ్ వాసనలా ఉందేంటి?"

"ఆ జాతిదేనండి."

"మరి ఆ తెల్లటి పేస్టు?"

"సున్నం లాంటిదండి."

"తమలపాకుకి రాసుకునేదే?"

"దానికి చుట్టమే అనుకోండి. అలాగని ఇంట్లో డబ్బా తెరిచి పెట్టకండి బాబూ," అని నవ్వింది. పన్ను వెనక చేసిన కన్నానికి మెత్తటి ముద్ద పెట్టి మూసింది. "ఇది తాత్కాలికం. రెండు వారాలకి రండి. ఈలోగా సన్నాయి ముట్టుకోకూడదు. ఈ మూత ఊడితే మాత్రం వెంటనే రావాలి. ఉమ్మి లోపలికి దిగితే మనం చేసిందంతా వృథా."

"ఆయ్," అన్నాడు చిట్టియ్య.

ఆరో రోజున మాఘమాసం మొదటి ముహూర్తం. చిట్టియ్య మేళం కోసమే ఆరు నెలల ముందు మాట్లాడుకున్న పెళ్ళి అది. పెళ్ళికూతురి తండ్రి ఇంటికి వచ్చి, మిగతాదంతా ఎవరు వాయించినా సరే, తాళి కట్టేటప్పుడు మాత్రం మీరే ఊదాలని చేతులు పట్టుకున్నాడు. చిట్టియ్య వెళ్ళాడు.

తాళి కట్టే వేళ గట్టిమేళం అంటే ఏంటో మీకు తెలుసు. ఎవరి తుమ్మూ, ఏ పసిపిల్ల ఏడుపూ వినపడకుండా హోరెత్తిపోవాలి. ఆ నిమిషంలో సన్నాయి ఆగడమంత అపశకునం మేళగాడికి ఇంకొకటి లేదు. సరిగ్గా దానికి కాస్త ముందు ఆ మూత ఊడి నాలుక మీద పడింది. గాలి తోస్తే వేరు కొసన ఉన్న పుండులో సూది పొడిచినట్టు నొప్పి. చిట్టియ్య జేబులో ఎప్పుడూ మైనం ఉండ ఉంటుంది. శ్రుతి కలవకపోతే సన్నాయి అడుగున ఉండే కన్నాలకు అద్దేది అదే. గిల్లి, వేళ్ళ మధ్య నలిపి, పంటి కన్నంలో కూరాడు. నొప్పి ఆగింది. గట్టిమేళం ఊదాడు.

మర్నాడు మా అరుగు మీద నోరు తెరిచి చూపించాడు. నేనేమన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "భలే తెలివి చిట్టియ్యా! డాక్టరమ్మకే పాఠం చెప్పేట్టున్నావే!" అన్నాను. పక్కింటి కూరలో ఉప్పు ఎంత వేశారో కూడా అడిగి తెలుసుకునే దాన్ని. మైనం ఉమ్మిని ఆపుతుందా అని మాత్రం ఆ రోజు అడగలేదు. నేను మెచ్చుకున్నాక అతనికి ఇంక అనుమానం ఏముంటుంది? డాక్టరమ్మ ఫోన్ చేస్తే, "ముహూర్తాలండి, అయ్యాక వస్తానండి," అన్నాడు. మాఘం, ఫాల్గుణం కలిపి పదకొండు పెళ్ళిళ్ళు ఊదాడు. ప్రతి పెళ్ళికీ కొత్త మైనం.

ఉగాది వెళ్ళిన మూడో రోజుకు మొహం కన్ను దాకా వాచిపోయింది.

"మైనమా!" డాక్టరమ్మ చేతిలో పరికరం అలాగే ఆగిపోయింది. "ఇంకేమీ దొరకలేదా మీకు?"

"మా గొట్టానికి అదే పెడతామండి," అన్నాడు చిట్టియ్య నేల వంక చూస్తూ.

మళ్ళీ సూదులు, మళ్ళీ సిరంజి. నాలుగు సార్లు కడిగింది. వాపు తగ్గినట్టే తగ్గేది, పొక్కు మళ్ళీ లేచేది. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీయడం మనం చూసేదే కదా. పెద్ద కాలువ బాగుపడుతుంది. పక్కన చేలల్లోకి చీలే బోదెల్లో గుర్రపుడెక్క అలాగే ఉండిపోతుంది. వేరులోనూ అలాంటి చీలికలు ఉంటాయనీ, సూది వాటిలోకి తిరగదనీ, మైనం తునకలు అక్కడ ఇరుక్కున్నాయనీ డాక్టరమ్మ చెప్పింది.

రెండో పద్ధతిగా ఒక యంత్రం తీసింది. సన్నటి మొన కాలువలో మందు నీటిని వణికిస్తుంది. ఆ వణుకుడికి నీళ్ళు మూలమూలలా కొట్టుకుని మురికిని రేపుతాయట. కీచుమని ఒక సన్న రొద. చిట్టియ్య కళ్ళు మూసుకుని, "శ్రుతి కొంచెం ఎక్కువుందండి," అన్నాడు. ముగ్గురమూ నవ్వాం. ఆ ఏడు మేం నవ్విన ఆఖరి నవ్వు అదే. పన్నెండు రోజులు బాగుంది. పదమూడో రోజున బేబి వచ్చి గుమ్మంలో నిలబడింది. పొక్కు లేచిందని నాకే అర్థమైంది.

కొవ్వూరు వంతెన దాటి రాజమండ్రి తీసుకెళ్ళాను. అక్కడ ఉదయ్‌కుమార్ గారని పెద్ద డాక్టరు. ఆయన దగ్గర లేజర్ ఉంది. వెలుగుతో లోపలి మందు నీళ్ళను ఎగదోసి కడుగుతుంది. రెండుసార్లు చేశారు. నేను ఉండబట్టలేక అడిగాను.

"డాక్టరుగారూ, సూదీ సిరంజీ, వణుకుడు యంత్రం, ఈ లేజరు. మూడింట్లో ఏది గొప్పదండి? ముందే ఇక్కడికి వచ్చుంటే పన్ను దక్కేదాండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మగారూ, సూదీ మందు నీళ్ళూ లేకుండా మిగతా రెండూ లేవండి. అవి దానికి సాయం. కొందరికి ఇది పనిచేస్తుంది, కొందరికి అది. ఇదే గొప్పదని నేను చెప్పలేను. ఎలా కడిగినా, కడిగాక మూత గట్టిగా ఉండాలి. మొదటిసారి సారిక గారు బాగానే కడిగారు. మూత ఉండి ఉంటే బహుశా ఇంత దూరం వచ్చేది కాదు."

చిట్టియ్య తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను.

స్కానింగ్‌లో వేరు నిలువునా చీలి ఉంది. చీలిక ఎప్పటిదో ఆయనకే తెలియలేదు. చీలిన వేరును ఏ పద్ధతితో కడిగినా నిలబడదన్నారు. వైశాఖంలో పన్ను తీసేశారు. చీము చుట్టూ ఎముకను కూడా తినేసిందట. ఎముక కట్టి, స్క్రూ బిగించి పన్ను పెట్టొచ్చు కానీ, దానికి ఏడాది పైన పడుతుంది, దాంతో సన్నాయి ఊదగలడని మాట ఇవ్వలేను అన్నారు. అందాకా పెట్టి తీసుకునే పన్ను చేసిచ్చారు.

దానితో ఊదితే పన్ను కదులుతుంది. తీసి ఊదితే గాలి పోతుంది. జ్యేష్ఠమంతా మధ్యాహ్నం వేళల్లో ఆ పెంకుటింటి నుంచి బుస్సుమనే చప్పుడు, నడుమ ఒకటో రెండో స్వరాలు వినిపించేవి. వీధిలో ఎవరూ బయటకు వచ్చేవారు కాదు. తర్వాత అదీ వినిపించడం మానేసింది. మేళం వాళ్ళు తుని నుంచి వేరే సన్నాయిగాణ్ణి పెట్టుకున్నారు. చిట్టియ్య వాళ్ళ వెనక కూర్చుని, కరెంటు శ్రుతిపెట్టె మీట నొక్కుతున్నాడు.

శ్రావణంలో మా మనవరాలు దుర్గాశ్రీ పెళ్ళి. మేళం మాట చిట్టియ్యతో ఎలా ఎత్తాలో తెలియక వారం రోజులు ఆ ఇంటి వైపు వెళ్ళలేదు. ఒక ఉదయం అతనే మా అరుగు దగ్గరకు వచ్చి, చీటీ మీద రాసిన ఫోన్ నంబరు నా చేతిలో పెట్టాడు.

"తుని అతనిదండి. ముందే చెప్పుకోండి, మంచి ముహూర్తం, దొరకడండి."

అలవాటు కొద్దీ అడిగేశాను. "ఎలా వాయిస్తాడు చిట్టియ్యా?"

"బాగానే వాయిస్తాడండి. చిన్నవాడు. పళ్ళన్నీ ఉన్నాయండి," అన్నాడు.