తెల్లవారుజాము కాంటాక్టులకు తారీఖు

1998 జూన్‌లో, చిలకలూరిపేటకూ ఒంగోలుకూ మధ్య హైవే పక్కన ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నేను టెంపరరీ అటెండరుగా చేరాను. నా చదువు ఏడో తరగతి. అంతకుముందు మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసేదాన్ని. కాలేజీలో నన్ను మూడో అంతస్తులో ఉన్న హామ్ రేడియో గదికి వేశారు. ఊడ్చడం, సెట్టు మీద దుమ్ము తుడవడం, రిజిస్టరు రాయడం నా పని.

హామ్ రేడియో అంటే ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, వ్యాపారానికి కాకుండా, సరదాకీ నేర్చుకోవడానికీ దేశదేశాల వాళ్ళతో మాట్లాడుకోవడం. లైసెన్సు ఎలక్ట్రానిక్స్ చెప్పే రామకోటేశ్వరరావు మాస్టారి పేరు మీద ఉండేది. అవతలి మనిషి మన పిలుపు గుర్తు, అంటే లైసెన్సుతో వచ్చే అక్షరాల పేరు, విని, మనం ఆయనది విని, ఎంత బాగా వినపడిందో ఒకరికొకరు చెప్పుకుంటే అది ఒక కాంటాక్టు. ఆ కాంటాక్టును తారీఖు, టైముతో రాసుకునే రిజిస్టరును లాగ్ అంటారు.

దూరదేశాలు తెల్లవారుజామున బాగా వినపడతాయని మాస్టారు నాలుగింటికే వచ్చి కూర్చునేవారు. కాంటాక్టు కుదిరినప్పుడల్లా చిన్న చీటీ మీద మన టైము, మన తారీఖు వేసి ఊచకు గుచ్చేవారు. తొమ్మిదింటికి నేను వచ్చి వాటిని రిజిస్టర్లోకి ఎక్కించేదాన్ని. ప్రపంచంలో హాములందరూ గ్రీనిచ్ టైములోనే రాయాలి. అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజాము నాలుగూ నలభై అయితే ఇరవై మూడూ పది అని రాయాలి. ఈ లెక్క మాస్టారు మొదటి వారంలోనే నేర్పారు. నేను సెలవు పెట్టిన రోజుల్లో ఆయనే నేరుగా రిజిస్టర్లో రాసేసేవారు.

2008 వర్షాకాలంలో కాలేజీ కరస్పాండెంట్ గారు మా గది కంప్యూటర్ ల్యాబుకు కావాలన్నారు. ఆయన పొగాకు వ్యాపారి, గొంతు పెద్దది. ఒకరోజు మెట్లెక్కి గదికే వచ్చారు.

"ఏమయ్యా మాస్టారూ, గాల్లో కబుర్లకి ఒక గది, దానికి మళ్ళీ ఒక అటెండరు! పదేళ్ళలో ఏం సాధించావో చెప్పు."

"నూటమూడు దేశాలతో మాట్లాడామండి."

"నువ్వు మాట్లాడానంటే సరిపోతుందా? అవతలివాడు కూడా అనాలిగా. గురువారం మూడింటికి కాలేజీ కమిటీ. వంద దేశాలు చూపించు, గది నీది. లేదంటే శుక్రవారం పొద్దున్నే సామాను కిందకి."

గది పోతే నా ఉద్యోగమూ పోతుంది. మళ్ళీ తొడిమల దగ్గరికే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

కాంటాక్టు నిజమేనని అవతలివాళ్ళు పంపే కార్డులు చేరడానికి ఏళ్ళు పట్టేది. అప్పటికి కొత్తగా కంప్యూటర్ సంతకం పద్ధతి వచ్చింది. లాగ్ మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించి, లైసెన్సుదారుడి డిజిటల్ సంతకంతో హాముల సంఘం నడిపే ఒక కేంద్రానికి పంపాలి. అవతలి హామ్ కూడా అలాగే పంపి, రెండు లాగుల్లో పిలుపు గుర్తూ తారీఖూ టైమూ కలిస్తే ఆ దేశం ఖాయమైనట్టు. మాస్టారు అప్పటికే దరఖాస్తు పెట్టి ఆ సంతకం తెప్పించి ఉన్నారు. రిజిస్టర్లను నేను రెండు నెలలుగా టైపు చేస్తూనే ఉన్నాను.

మా కంప్యూటర్ పాతది, బొమ్మలూ బటన్లూ ఉండే తెర దాని మీద తెరుచుకునేది కాదు. నల్లతెర మీద ఆజ్ఞ టైపు చేయడం ఒక్కటే దారి. సంతకం చేసే ప్రోగ్రాం పేరు, స్టేషన్ ఉన్న చోటు, లాగ్ ఫైలు పేరు, సంతకమయ్యాక వచ్చే ఫైలు పేరు, వరుస తప్పకుండా కొట్టాలి. మాస్టారు ఆ వరుసను అట్టముక్క మీద రాసి మానిటర్‌కు అంటించారు. ఒక్క చుక్క పోయినా అది ఒప్పుకోదు. బుధవారం సాయంత్రం ఆయన ఆజ్ఞ కొట్టి రహస్యపదం ఇచ్చారు. రెండు వేల పైచిలుకు కాంటాక్టుల మీద సంతకం పడిందని తెర చెప్పింది. ఫైలును పెన్ డ్రైవులో ఆఫీసుకు తీసుకెళ్ళి అక్కడి ఇంటర్నెట్టులో పంపాం.

గురువారం పొద్దున పదింటికి ఆఫీసులో చూశాం. డెబ్బై ఒక్క దేశాలే కలిశాయి.

మాస్టారి ముఖం వాడిపోయింది. "బ్రెజిల్ లేదు, చిలీ లేదు. తెల్లవారుజాము పట్టినవి దాదాపు ఏవీ లేవు. వాళ్ళంతా లాగ్ పంపలేదంటావా?"

నేను బ్రెజిల్ వరుసను తెర మీద పైకి చదివాను. మార్చి ఒకటి, ఇరవై మూడూ పది.

"అది మన టైముకి ఎప్పుడండీ?"

"మార్చి రెండు, తెల్లవారుజామున నాలుగూ నలభై."

"మార్చి రెండు ఆదివారమండి. శనివారం సాయంత్రం తాళాలన్నీ ఆఫీసు బీరువాలో పెట్టేస్తారుగా. ఆదివారం మీరు గదిలోకెట్లా వచ్చారు?"

 అడిగాక నాకే తట్టింది. బ్రెజిల్ వచ్చింది శనివారం పొద్దున. ఆ రోజు ఆయన స్టాఫ్ రూములో అందరికీ పూతరేకులు పెట్టారు, నాకు బాగా గుర్తు. చీటీ మీద మార్చి ఒకటి, నాలుగూ నలభై అని ఉంది. నేను ఐదున్నర గంటలు వెనక్కి వెళ్ళాను గానీ తారీఖును అక్కడే వదిలేశాను. పొద్దున్నే వచ్చిన కబురుకు ఆ పొద్దు తారీఖే కదా వేస్తాం! గ్రీనిచ్‌లో అప్పటికి ఇంకా ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. ఒక్క బ్రెజిల్ కాదు, పదేళ్ళుగా తెల్లవారుజాము చీటీలన్నిటికీ అలాగే రాశాను.

"తప్పు నాదేనండి మాస్టారూ," అన్నాను.

"తప్పెవరిదో తర్వాత చూద్దాం మస్తాన్‌బీ. సాయంత్రం ఆరున్నర, అంటే మన అర్ధరాత్రి, దాటాక పడిన గ్రీనిచ్ టైములన్నిటికీ ఒక రోజు తగ్గించమని ఒక్క ఆజ్ఞ రాస్తా. రెండు నిమిషాల పని."

"వద్దండి! నేను సెలవులో ఉన్నప్పుడు మీరు రాసినవి సరిగ్గానే ఉన్నాయి. అవి చెడిపోతాయి."

కంప్యూటర్లో ఎవరి రాత ఏదో తెలియదు. రిజిస్టర్లో తెలుస్తుంది. కాబట్టి గదికి వెళ్ళి పన్నెండు రిజిస్టర్లూ దించి, నా రాతలో ఉన్న తెల్లవారుజాము వరుసలు నేను చదువుతుంటే ఆయన కంప్యూటర్లో దిద్దారు. నెల ఒకటో తారీఖు వచ్చినప్పుడల్లా ముందు నెలకు ముప్ఫయ్యా ముప్ఫై ఒకటా అని ఆగాల్సి వచ్చేది. మధ్యలో కరెంటు పోయి పావుగంట తిన్నది. దిద్దినవి నూట డెబ్బై రెండు తేలాయి. వాటిని వేరే ఫైలు చేసి ఆయన మళ్ళీ ఆజ్ఞ కొట్టారు. తొందరలో చోటు పేరులో ఒక అక్షరం తప్పింది, తెర ఒప్పుకోలేదు. రెండోసారి పడింది. ఆఫీసు నుంచి పంపేసరికి రెండూ ముప్పావు.

మూడింటికి కమిటీ మొదలైంది. మా వంతు వచ్చేసరికి ఆఫీసు గుమస్తా అచ్చుతీసిన కాగితం తెచ్చి మాస్టారి చేతికిచ్చాడు. తొంభై ఆరు.

"నాలుగు తక్కువ," అన్నారు కరస్పాండెంట్ గారు. "పొద్దున డెబ్బై ఒకటని గుమస్తా చెప్పాడే. మధ్యాహ్నానికి పాతిక దేశాలు ఎక్కణ్ణుంచి పుట్టించావయ్యా?"

మాస్టారు మా గదిలో జరిగిన పొరపాటని చెప్పబోయారు. గుమ్మం దగ్గరున్న నేను లోపలికి వచ్చాను. తారీఖులు తప్పు రాసింది నేనేనని, ఎలా రాశానో, ఎలా దొరికిందో ఉన్నదున్నట్టు చెప్పి మార్చి నెల రిజిస్టరు కరస్పాండెంట్ గారి ముందు పెట్టాను. ఆయన ఆ పేజీని దగ్గరికి లాక్కుని చూశారు. వేళ్ళు మడిచి తనూ లెక్క వేసుకున్నారు.

"పదేళ్ళు తప్పు రాసి, అదీ వచ్చి నాకే చెబుతున్నావా?"

"చెప్పకపోతే ఈ పాతికా దొంగ లెక్కని అనుకుంటారండి."

"మిగతా నాలుగు?"

"వాళ్ళింకా లాగ్ పంపలేదండి. వచ్చేదాకా లేనట్టే."

ఆయన కమిటీ వాళ్ళ వైపు తిరిగి, గదిలో సగం కంప్యూటర్లకు, సగం రేడియోకు అన్నారు. నన్ను ఉంచారు. కాకపోతే ప్రతి శనివారం రిజిస్టరును మాస్టారు సరిచూసి సంతకం పెట్టాలని ఆర్డరు వేశారు. నేను 2021లో పని మానేదాకా ఆ ఆర్డరు నడిచింది. రిజిస్టర్లో మన తారీఖుకు ఒక గడి, గ్రీనిచ్ తారీఖుకు ఒక గడి గీసింది కూడా ఆ వారమే.

ఒకసారి సంతకంతో పంపిన వరుసను వెనక్కి తీసుకునే వీలు ఆ కేంద్రంలో లేదు. నా తప్పు తారీఖులు నూట డెబ్బై రెండూ మాస్టారి సంతకంతో ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, దేనితోనూ కలవకుండా. ఒక్క చుక్క పోయినా ఒప్పుకోని కంప్యూటర్, ఆ బుధవారం తప్పు తారీఖులను మాత్రం చప్పుడు చేయకుండా తీసుకుంది. సంతకం చెప్పేది అది ఎవరు పెట్టారన్నదే. రాసింది నిజమా కాదా అన్నది రాసినవాళ్ళే చూసుకోవాలి.