మా ఇంటి పొగ లెక్క

నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే ప్రాణం. అదే నా కొంప ముంచింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, పట్నంలో టీచర్లమైన మాకు పర్యావరణం మీద మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఆ హాల్లో ఏసీ చలికి కొండల నుంచి వెళ్లిన మేమే కొంగులు కప్పుకుని వణికాం. చివరి రోజు తలా ఒక కాగితం ఇచ్చారు. ఇంట్లో నెలకు ఎంత కట్టె కాల్చారు, ఎంత కరెంటు వాడారు, బండి మీద ఎంత దూరం తిరిగారు అన్నీ రాసి, ఆ ఇల్లు వదిలే పొగ తేల్చాలి. తర్వాత తగ్గించి చూపాలి.

అరకు దగ్గర మా ఊరు చేరిన మర్నాడే కాటా పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. ఎండుపుల్లల మోపుతో అడవి నుంచి వచ్చిన మా అత్త ఆగిపోయింది.

"ఏటే గుంటా, పుల్లలు సంతలో అమ్మేత్తావేటి?"

"కాదత్తా, తూచాలి."

"తూసి ఏటి సేత్తావు?"

నేను చెప్పిందంతా విని, మోపు దింపి లోపలికి వెళ్లిపోయింది. నెల తిరిగేసరికి దోషి దొరికింది. మా పొయ్యి! నా మోపెడ్ దాని ముందు ఏ మూలకూ రాలేదు. ఎంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గొట్టం పెట్టి పొగలేని పొయ్యి కట్టించాను. కట్టె సగానికి తగ్గింది. అత్త దగ్గు కూడా తగ్గింది, ఆ మాట కాదనను. ఆదివారం చర్చిలో, సాక్ష్యం చెప్పేవాళ్లలా లేచి నిలబడి, ఈ సంగతి అందరికీ చెప్పాను.

అత్త మాత్రం పొయ్యి పైనున్న అటక వంకే చూసేది. దాని మీద విత్తనానికి దాచిన చిక్కుడు గింజల మూట ఉంది. ఆ నల్లచారల చిక్కుడు ఊరు మొత్తమ్మీద మా ఇంట్లోనే మిగిలింది. అది అత్తకు వాళ్ల అత్త ఇచ్చిన విత్తనం.

"గింజకి పొగ తగల్దే," అంది రెండుసార్లు.

చాదస్తం అనుకున్నాను. నేనూ ఈ కొండల్లోనే పుట్టాను. మా అమ్మ అటకా మసిబారి నల్లగానే ఉండేది. అది ఎందుకలా ఉంచేదో ఒక్కసారైనా ఆలోచించానా?

తొలకరికి అత్త మూట విప్పితే పిండి రాలింది. గింజ గింజకీ పురుగు తొలిచిన కన్నం. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. ఆ విత్తనం కోసం మోపెడ్ మీద, జీపుల్లో, చివరికి బస్సెక్కి అడ్డతీగల దాకా సంత సంతా తిరిగాను. ఎక్కడా దొరకలేదు. నెలల తరబడి తగ్గించిన పొగంతా ఆ తిరుగుడుకే సరిపోయింది. పోయిన విత్తనం రాసుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు. మా ఇల్లు పొగ బాగా తగ్గించిందని మెచ్చుకుంటూ శిక్షణ పెట్టినవాళ్ల నుంచి ఉత్తరం మాత్రం వచ్చింది. చింపి పారేశాను.

అత్త మాత్రం ఆ పుచ్చు గింజల్నే ఒక మధ్యాహ్నమంతా చేటలో ఏరి, పురుగు ముట్టని గింజలు ఏడు తీసి, పెరట్లో నాటింది. మూడు మొలిచాయి. ఆ సంవత్సరం మేం ఒక్క కాయ కూడా వండుకోలేదు. అన్నీ తీగ మీదే ఎండనిచ్చి, వలిచి, ఆ గుప్పెడు గింజలూ గుడ్డలో కట్టుకుని అత్త గడప దాటింది.

"ఎక్కడికత్తా?"

"పక్కింటోళ్ల అటక మీద పెట్టొత్తాను."

"మన అటక ఉంది కదా?"

"మనింట్లో పొగెక్కడుందే," అంది.